నారింజ తొక్క

రుచి చూసే గదిలోకి ఎవరైనా సబ్బు వాసనతో వచ్చినా ఆయన ఊరుకోడు. ఓసారి కాఫీ తాగి వచ్చిన మేనేజరునే గుమ్మంలోంచి వెనక్కి పంపేశాడు. కోపం ముక్కుమీదే ఉంటుందని ఆఫీసంతా నవ్వుకునేది. ఉండదూ మరి! ఆ ముక్కు ఔనంటేనే కంపెనీ స్కాచ్ విస్కీ పీపా కొనేది.

అలాంటి ముక్కు కిందటి నెల జ్వరంతో మూగబోయింది.

"వాసన మెల్లగా అదే తిరిగి వస్తుంది" అన్నాడు డాక్టరు.

"వచ్చేదాకా ఎవరితోనూ అనకండి" అంది భార్య. "ఉద్యోగం పోతే మళ్ళీ రాదు."

ఇవాళ పద్దెనిమిదేళ్ల సింగిల్ మాల్ట్ విస్కీ రుచి చూడాలి. తోడుగా ఎవరో కొత్తావిడను పిలిపించారు. నెరిసిన జుట్టు, ముతక కోటు.

ఆవిడ చేతిలోదేదో చెత్తబుట్టలో పడేసి, తిట్లకోసం ఎదురుచూస్తున్నట్టు ఆయన ముఖంలోకి చూసింది.

"కూర్చోండి" అన్నాడాయన.

ఆవిడ కూర్చోలేదు. వెళ్లి చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చింది. చాదస్తం మనిషి కాబోలు అనుకున్నాడు.

మేనేజరు అద్దం తలుపు అవతలే ఆగిపోయాడు.

ఆయన గ్లాసు తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నీళ్లకీ దానికీ తేడా తెలియలేదు.

"ముందు పొగ వాసన" అంది ఆవిడ.

"ఈ గదిలో మాట్లాడకూడదండీ. ఎవరి అభిప్రాయం వాళ్లదే."

"పాడు అలవాటండీ, నోరు ఊరుకోదు." గ్లాసులో రెండు చుక్కల నీళ్లు కలిపింది. "ఆఁ, ఇప్పుడు విచ్చుకుంది. మగ్గిన ఆపిల్, తేనె. చివర్లో పచ్చి చెక్క వగరు. ఇంకో ఏడాది పీపాలో పడుకుంటే బంగారమే."

వాగుడుకాయ! ఆయనకి ఒళ్లు మండింది. అయితేనేం, వెతకబోయిన తీగ కాలికి తగిలింది.

మేనేజరు రాగానే ఆ మాటలే గడగడా అప్పజెప్పాడు. మేనేజరు ఆవిణ్ణి బయటికి తీసుకెళ్లి విడిగా అడిగి, నవ్వుతూ ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఇద్దరిదీ ఒకటే మాట!"

"ఆవిణ్ణి ఇంకెప్పుడూ పిలవకండి. ఒకటే వాగుడు" అంటూ మూతి తుడుచుకున్న కాగితం బుట్టలో వేయబోయి ఆగిపోయాడాయన.

బుట్టలో నారింజ తొక్కలు. ఇంకా తడి ఆరలేదు.

ఒకటి తీసి ముక్కుకి ఆనించాడు. ఏమీ లేదు.

వాసన చూసే మనిషెవరూ పొరపాటున కూడా చెయ్యని పని. ఆ చేతులతో ఆవిడ వస్తే, తను కూర్చోమన్నాడు! అక్కడే తెలిసిపోయింది ఆవిడకి. తెలిసే నోరు విప్పింది. ఆయనకి సిగ్గు, దాన్ని మించిన గౌరవం కలిగాయి.

కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. ముతక కోటు అప్పుడే వీధి మలుపు తిరిగిపోయింది.

"ఎవరండీ ఆవిడ?"

"ఇక చెబితే ఏంలెండి! మీ ముక్కు పోయిందని ఎవరో అంటే, పరీక్షించి రేపట్నుంచి మీ కుర్చీలో కూర్చోమని పిలిపించాం. 'ఇంత మంచి ముక్కుండగా నేనెందుకు, తర్వాతి పీపా మాత్రం మూడు నెలలదాకా తెరవకండి' అని చెప్పి వెళ్లిపోయింది."