లేచి నిలబడినవాళ్లు

మార్చిలో మొదటి మంగళవారం ఊరి సభ. అమెరికాలో, న్యూ ఇంగ్లండ్‌లోని ఆ చిన్న ఊళ్లో, బ్రిటిష్ రాజుని కాదన్న నాటి నుంచీ అదే ఆనవాయితీ. ఇప్పుడు సభకి మనుషులు వెళ్లడం మానేశారు, గొంతుపెట్టెల్ని పంపుతున్నారు. మనిషి అలవాట్లు చూసి, ఆ మనిషి గొంతుతోనే అవి ఔననో కాదనో చెప్పేస్తాయి.

ఈసారి వకుళ కుక్కర్ దించి తనే బయల్దేరింది.

"పెట్టె వెళ్లిందిగా, నువ్వెందుకు?" అన్నాడు భర్త రఘోత్తం.

"లైబ్రరీ మూసే సంగతి అది నన్నడగలేదు."

హాల్లో కుర్చీకొక పెట్టె ఉంది. సభ నడిపే హోల్ట్ గారు తప్ప మనిషన్నవాడు లేడు. వకుళ తన పెట్టెని కింద పెట్టి ఆ కుర్చీలో కూర్చుంది. లైబ్రరీ మూసేద్దామా అని ఆయన అడగగానే పెట్టెలన్నీ ఔనన్నాయి. అందులో వకుళ గొంతు కూడా ఉంది.

వకుళ చెయ్యెత్తింది. "ఈ ఓటు మీద నాకు అనుమానంగా ఉందండీ."

ఒక్కరు అనుమానపడినా ఓటర్లని నిలబెట్టి లెక్కపెట్టాలన్నది పాత నియమం. దాన్నెవరూ కొట్టేయలేదు.

"మూసేద్దామన్నవాళ్లు లేవండి," అన్నారు హోల్ట్ గారు. పెట్టెలు కదల్లేదు.

"వద్దన్నవాళ్లు?"

వకుళ లేచింది. లైబ్రరీ నిలిచింది.

"అయితే గెలిచావన్నమాట," అన్నాడు రఘోత్తం భోజనాల దగ్గర.

వకుళ అన్నం కలుపుతూ ఆగిపోయింది. "ఒక్కడి మాట మీద ఊరు నడవకూడదని ఆ హాల్లోనే కదా రాజుని కాదన్ననాడు తీర్మానించారు. ఇవాళ నా ఒక్కదాని మాట మీదే నడిచింది. సభ రేపూ ఉంది, బడి సంగతి తేలుస్తారు. నువ్వూ రా. వచ్చి, కావాలంటే నన్ను కాదను."