ఏడుపు కుర్చీ

కృష్ణానగర్‌లో ఇప్పుడు కథలు చెప్పేవాళ్లు ఎవరికీ అక్కర్లేదు, వినేవాళ్లు కావాలి. సినిమా కథలన్నీ యంత్రమే అల్లుతోంది. ఎక్కడ ఏడుపొస్తుందో మాత్రం దానికి తెలియదు. అందుకే రచయితలవుదామని వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, కథ వినిపించి, కన్నీళ్లు వచ్చిన చోటల్లా కారణం అడుగుతారు.

ఆదోని నుంచి వచ్చిన తిరుపాలు తొమ్మిదేళ్లుగా ఆ కుర్చీలో ఏడుస్తున్నాడు. ఆమధ్య అతనికో ఉపాయం తట్టింది. కారణం అడిగినప్పుడల్లా, టీ కొట్టు దగ్గర స్నేహితులకు కూడా చెప్పని సొంత కథలోంచి ఒక్కో సీను చెప్పసాగాడు. ఏ నిర్మాతైనా విని పిలవకపోతాడా అని ఆశ. ఇంటర్వెల్ దాకా అలాగే చెప్పేశాడు.

ఈరోజు యంత్రం కొత్త కథ ఎత్తుకుంది. అందులో పోస్టర్లు అంటించే ఒక తండ్రి, తప్పిపోయిన తన కూతురి ఫొటో మీదే కొత్త సినిమా పోస్టరు అంటించాల్సి వస్తుంది. తిరుపాలు బావురుమన్నాడు.

"సార్, ఈ కథ నాది! నేను చెప్పిందే గదా సార్!" అన్నాడు మేనేజర్ సుదర్శనంతో.

"తెలుసులేవయ్యా. అందుకే నిన్ను పిలిచాం. అల్లినోడే ఇంకా ఏడుస్తున్నాడంటే, టికెట్ కొన్నోడు ఏడవడా?"

తిరుపాలు విసురుగా లేచాడు. సెకండాఫ్ ఇంకా తన కడుపులోనే ఉంది. చచ్చినా చెప్పకూడదనుకుంటూ తలుపు దాకా నడిచాడు.

"తర్వాత ఏమైంది?" అని మెల్లగా అడిగింది యంత్రం.

తొమ్మిదేళ్లలో ఆ మాట అతన్ని అడిగినవాళ్లు లేరు. తిరుపాలు వెనక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.