నేలకి ముద్దు

జింగిడి మళ్ళీ గోతిలో పడింది.

"పడలేదు, నేలకి ముద్దు పెట్టానంతే!" అంది ఫోనులోంచి.

మధుమిత పకపకా నవ్వింది.

జింగిడి ఒక ముంగిసపిల్ల. మధుమిత చిన్నప్పుడు టీవీలో తెలుగులో వచ్చిన బొమ్మ. రోజూ కాలేజీ నుంచి రాగానే కూర్చుని, దాంతో సొంతంగా ఒక ఆట తయారు చేసింది. గొంతు మాత్రం టీవీలోదే కత్తిరించి అతికించింది. నెట్‌లో ఉచితంగా పెడితే ఊరూరా ఆడుతున్నారు. ఆ ఆటను తనే తీసుకెళ్ళి చూపిస్తే, ఆటలు తయారు చేసే ఆఫీసొకటి ఉద్యోగానికి రమ్మంది.

తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. మేడమీది గదిలోకి కొత్తగా అద్దెకొచ్చిన కన్యకమ్మ. చేతిలో కూరల సంచి. ఎంతసేపటి నుంచి వింటోందో.

"ఆ గొంతు ఎక్కడిదమ్మా?"

"టీవీలోది ఆంటీ. కట్ చేసి పెట్టినా."

"తీసెయ్."

"ఏంది?"

"గొంతు తీసెయ్. బొమ్మ మార్చు, పేరు మార్చు. ఆ ముంగిస, టీవీ బొమ్మ తీసిన కంపెనీది. ఈ గెంతడం, ఈ గోతులు, ఈ దారులు నీవి. అవి చాలు."

"నేనేం అమ్ముకుంటా ఉండానా? జింగిడంటే ప్రాణం, చేసినా."

"ప్రాణమైనా సరే, సొత్తు వాళ్ళదంటారు."

"జింగిడి గొంతు లేకుంటే ఎవురాడతారు ఆంటీ?"

కన్యకమ్మ తటపటాయించింది.

"కొత్త బొమ్మ చెయ్. గొంతు నేను చెబుతా."

మధుమితకు నవ్వాగలేదు. ఈమెది బొంగురు గొంతు.

"మీరా? అది చిన్నపిల్ల గొంతు ఆంటీ!"

"అవునులే," అంటూ ఆమె మెట్లెక్కిపోయింది.

వంటింట్లోంచి ఇదంతా విన్న రాజలక్ష్మికి ఆ పూట అన్నం దిగలేదు. అసలే ఆమెకు తలుపు తడితే పోలీసు, ఫోను మోగితే ఆస్పత్రి. కూతురి చేతికి బేడీలు, పేపర్లో ఫోటో, జార్జి టౌన్‌లో పనిచేసే అంగట్లో తల దించుకున్న మొగుడు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

మరునాడు మెల్లగా మేడెక్కింది.

"అక్కా, ఆ కంపెనీకి మనమే ఫోన్ చేసి, బిడ్డ తెలీక చేసింది, మన్నించండి అని అడిగేస్తే?"

కన్యకమ్మ ఉలిక్కిపడింది.

"వద్దు తల్లీ! ఇప్పుడు చూసీ చూడనట్టున్నారు. మనంతట మనమే చెబితే అట్లా ఉండలేరు. అమ్మాయి చేత మార్పించు, అంతే."

"మీకెట్ల తెలుసు?"

"వాళ్ళ దగ్గర పని చేశాను."

"సరి సరి," అంటూ దిగింది రాజలక్ష్మి. కానీ గుండెలో భయం దిగలేదు.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నంబరు వెతికి ఫోన్ చేసేసింది.

అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. "భయపడకండి మేడమ్" అంది. కూతురి పేరు, కాలేజీ, వాషర్‌మెన్‌పేట్‌లో ఇంటి అడ్రసు అడిగింది.

రాజలక్ష్మి అన్నీ చెప్పింది. పైగా థాంక్స్ కూడా చెప్పింది. ఆ రోజు కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయింది.

వారం తిరగకుండానే కంపెనీ వకీలు నోటీసు వచ్చింది.

ఆట నెట్‌లోంచి మాయమైంది. నోటీసు కాలేజీకీ వెళ్ళింది. ఉద్యోగానికి రమ్మన్నవాళ్ళు, ఒకరి సొత్తు వాడుకునేవాళ్ళు మాకొద్దన్నారు.

"ఆట మీద నా పేరు గూడా పెట్టలేదే! ఇంటి అడ్రసు వాళ్ళకెట్ల పోయిందమ్మా? ఎవురో చెప్పినారు!"

వెక్కివెక్కి ఏడుస్తున్న కూతుర్ని రాజలక్ష్మి దగ్గరకు తీసుకుంది. నిజం గొంతు దాకా వచ్చింది. నోట్లోంచి మాత్రం ఇంకో మాట వచ్చింది.

"పైనామె... ఆ కంపెనీలో పని చేసిందంట."

మధుమిత విసురుగా మేడెక్కింది. వెనకాలే రాజలక్ష్మి.

"మంచిదాని మాదిరి బుద్ధులు చెప్పి, ఎనకాల పోయి వాళ్ళకి చెప్పి అంటించినారే! వాళ్ళేమిచ్చినారు ఆంటీ మీకు?"

కన్యకమ్మ రాజలక్ష్మి వైపు చూసింది.

రాజలక్ష్మి కొంగు కొస వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

కన్యకమ్మకు అర్థమైంది. తల్లీకూతుళ్ళ మధ్య చూపు కాసేపు అటూ ఇటూ తిరిగింది.

"ఏమీ ఇవ్వలేదమ్మా," అంది చివరికి. "అప్పుడూ ఇవ్వలేదు. ఇప్పుడూ ఇవ్వలేదు."

"మీ మొగం చూస్తే మండతా ఉండాది. గది ఖాళీ చేసేయండి."

"చేస్తాను. ఆట మాత్రం పారెయ్యకు. గెంతడం బాగా కుదిరింది."

మధుమిత తలుపు ధడాలున లాగేసింది.

ఆదివారం పొద్దున మూడు చక్రాల బండి వచ్చింది. కన్యకమ్మ సామాను అందులో సగం కూడా నిండలేదు.

రాజలక్ష్మి వాకిలి తలుపు వెనకే నిలబడింది. చెప్పేయాలి. చెబితే బిడ్డ ఇక అమ్మా అని పిలవదేమో! పిలవకుండా ఎక్కడికైనా పోతే? ఏమైనా చేసుకుంటే?

కన్యకమ్మ ఆ తలుపు ముందునుంచే వెళ్ళింది. ఆగలేదు, అడగలేదు.

గదిలో మధుమిత ఆటను లాప్‌టాప్‌లోంచి చెరిపేస్తోంది. బొమ్మలు పోయాయి. దారులు పోయాయి. ఆఖరున గొంతు కూడా పోయింది.

అప్పుడు వినిపించింది జింగిడి.

"పడలేదు కన్నా, నేలకి ముద్దు పెట్టావంతే!"

మధుమిత చెయ్యి ఆగిపోయింది. "అమ్మా, ఎవురి ఫోన్లోనో ఇంకా ఉండాదే!" అంటూ వాకిట్లోకి పరుగెత్తింది. రాజలక్ష్మి తలుపు తీసింది.

వీధిలో ఎవరి చేతిలోనూ ఫోను లేదు; బండి పక్కన బోర్లాపడ్డ ఎదురింటి పసిపాపను లేవనెత్తి, మోకాలి మట్టి దులుపుతూ, ఆ లేత గొంతుతో కన్యకమ్మే నవ్విస్తోంది.