పక్క పిలకలు

"ఇవి పొట్టిగానే ఉండాయి. వీటికి గూడా పక్క పిలకలు తుంచాల్నా వదినా?" అని ఎస్తేరు అడిగేసరికి, ఏడాదిగా దాచుకున్న మాట రాహేలు నోటికొచ్చింది.

"అన్నీ తుంచెయ్. అప్పుడే బాగా కాస్తాయి."

నంద్యాలలో ఆడబిడ్డ ఎస్తేరు పెరట్లో ఉన్నవి గుబురు రకం టమాట మొక్కలు. తీగలా పైకి పాకే రకానికైతే పిలకలు తుంచాలి. గుబురు రకానికి ఆ పిలకలే కాస్తాయి. ఈ తేడా రాహేలు నష్టపోయి నేర్చుకుంది. నిరుడు ఎస్తేరు ఆళ్లగడ్డలో రాహేలు ఇంటికి వచ్చి, ఇదే సలహా చెప్పి, అక్కడి గుబురు మొక్కలన్నిటినీ మోడు చేయించింది. కూరకు సరిపడా కాయలు కూడా దక్కలేదు.

పైగా చర్చి దగ్గర అందరి ముందూ నవ్వుతూ అంది. "మా వదినకు కడుపే పండలా, చెట్టేం పండుతాది."

ఎస్తేరు గొంతుక్కూర్చుని చకచకా తుంచుతోంది.

"నేనూ అదే అనుకున్యా వదినా. మిద్దె మీది తీగ టమాటకు ఎప్పుడూ ఇట్లనే చేస్తా. నిరుడు నీకు చెప్పిందీ అదే గదా. ఏదైనా టమాటే."

రాహేలు ఉలిక్కిపడింది. ఈమెకు రకాల తేడా తెలియనే తెలియదు. నిరుటి సలహాలో మోసం లేదు.

చివరి మొక్క దగ్గర ఎస్తేరు చెయ్యి ఆగింది. "దీని పిలకలకు పూత వచ్చింది. తుంచాల్నా?"

సలహా తెలియక చెప్పింది. చర్చి దగ్గర ఆ మాట మాత్రం తెలిసే అంది.

"తుంచు," అంది రాహేలు.