బానెట్‌కి అవతల

తెల్లవారేసరికి అక్కని డయాలసిస్‌కి తీసుకెళ్లాలి. ఆ వేళకి వేరే బండి దొరకదు. అందుకే మెకానిక్ అయిన చెల్లెలు అర్ధరాత్రి షెడ్డు తెరిచి, బావని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, పాత కారు బానెట్ ఎత్తింది.

గేరు వేయకుండా ఉంచితే ఇంజన్ నిలకడగా ఆడటం లేదు. గుర్రుమని లేస్తుంది, మరుక్షణం ఆగిపోయేలా నీరసపడుతుంది. ఎక్కడో గాలి పీలుస్తోందని ఆమె అనుమానం. రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటే వేళ్లతో నొక్కి చూసింది. నాలుగోది నొక్కగానే ఇంజన్ కుదుటపడింది.

"దొరికింది! ఆపెయ్ బావా."

ఇంజన్ ఆగింది. చీలిన గొట్టం తీసి కొత్తది తొడిగింది.

"ఇప్పుడు స్టార్ట్ చేసి, కొంచెం తొక్కి వదిలెయ్."

ఇంజన్ లేచి, మెత్తగా కుదురుకుంది.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" వెనక షట్టర్ దగ్గరనుంచి బావ గొంతు. "మీ అక్క ఫోన్ చేస్తే బయటికెళ్లా. పావుగంటైంది."

ఆమె మెడ మీద చెమట చల్లబడింది. గొట్టానికి క్లిప్పు ఇంకా బిగించలేదు. అది జారితే అక్క దారిలోనే ఆగిపోతుంది. ఆమె బానెట్ పక్కనుంచి తొంగి చూడలేదు. స్క్రూడ్రైవర్ అందుకుని క్లిప్పు గట్టిగా బిగించింది.

"ఇంకొక్కసారి తొక్కు," అంది, ఈసారి బావా అనకుండా.

ఇంజన్ మెల్లగా లేచింది.