మామగారి మెప్పు

కోడలు డైపరు మార్చి దుప్పటి సర్దుతుంటే, "నువ్వు చల్లగా ఉండాలి తల్లీ. కన్నకూతురైనా ఇంత చేయదు" అన్నారు మామగారు.

ఆమె దుప్పటి అలాగే వదిలేసింది. గబగబా వరండాలోకి వెళ్లి భర్తకు ఫోన్ చేసింది.

"మీ నాన్న నన్ను మెచ్చుకుంటున్నారు."

"మళ్లీ యూరిన్ ఇన్‌ఫెక్షనా? జ్వరం ఉందా?"

"ఆయనకి జ్వరం ఎప్పుడొచ్చింది గనక? పోయినసారీ అంతే, ఇన్‌ఫెక్షన్‌తో మతి తప్పి నన్ను దేవతన్నారు. మందులు పనిచేశాక, దుప్పటి మడతపెట్టడం కూడా రాదని తిట్టారు. అప్పుడు కదా మనం ఊపిరి పీల్చుకున్నది."

"అయితే ఆలస్యం చేయకు. శాంపిల్ పట్టు."

సాయంత్రం ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది. ఇన్‌ఫెక్షన్ లేదన్నారు.

"ఇంకోసారి సరిగ్గా చూడండి" అంది కోడలు.

"చూశాకే చెబుతున్నామండీ. ఏమీ లేదు."

ఆమె ఫోన్ పెట్టేసింది. తర్వాత మెల్లగా గదిలోకి వెళ్లింది. మామగారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

"ఏమీ లేదట మామయ్యా."

"నాకు తెలుసు. నోరు తెరిచి ఒక్క మంచిమాట అన్నానో లేదో, సీసా పట్టుకొచ్చావు. ఇక జన్మలో అనను."

ఆమె మంచం అంచున కూర్చుని, పైటచెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అనండి మామయ్యా. టెస్టు మాత్రం చేయిస్తాను."