అయిదు మాటలు

హెల్మెట్‌కు హెల్మెట్ గుద్దుకుని అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్న పన్నెండేళ్ల టకర్ వెల్లకిలా పడ్డాడు. లేచి, తూలుతూ అవతలి జట్టు బెంచీ వైపు నడిచాడు.

ఆటగాళ్లను చూసుకునే నర్సు చెయ్యి పట్టుకుని వాణ్ణి గీత బయటికి తెచ్చేలోగా తండ్రి డ్వైట్ కంచె దూకి వచ్చేశాడు. ఆట చివరికొచ్చింది. టకర్ జట్టు ఒక్క టచ్‌డౌన్ స్కోరు వెనకబడి ఉంది.

"వాడికేం కాలేదమ్మా! దున్నపోతుతో గుద్దించినా దులుపుకుని లేస్తాడు. త్వరగా వదిలిపెట్టండి!" కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతూ అన్నాడు డ్వైట్.

"కాస్త ఆగండి సార్."

తలకు దెబ్బ తగిలిన ప్రతి పిల్లాడికీ ఆమె ఎప్పుడూ అవే అయిదు మాటలు చెబుతుంది. తిరిగి అప్పజెప్పలేనివాడికి ఆ రోజుకి ఆట బందు.

"టకర్, ఇటు చూడు నాన్నా. ఇప్పుడు నేను అయిదు మాటలు..."

"నిచ్చెన, తేనె, గొడుగు, బొగ్గు, కిటికీ!" గడగడా అప్పజెప్పాడు టకర్.

డ్వైట్ చప్పట్లు చరిచాడు. "చూశారా! ఒక్కటంటే ఒక్కటి తప్పాడా? పదరా, పరిగెత్తు!"

నర్సు టకర్ హెల్మెట్ తీసి, తన సంచిలో పెట్టి, జిప్పు లాగేసింది.

"తప్పలేదని మీకెలా తెలుసు సార్? నేనింకా ఒక్క మాటా చెప్పలేదుగా."

డ్వైట్ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

టకర్ తండ్రిని చూసి నవ్వాడు. "ఇంకోసారి అప్పజెప్పనా నాన్నా? బండి కొంచెం మెల్లగా పోనివ్వు. మైదానం ఇంకా రాలేదుగా!"